నాలుగో గదిలో ఒకరు

నాకు ముక్కు మీద కోపం, నాలుక మీద తొందర. ఈ మాట నేను అనుకున్నది కాదు, మా బావ అనేవాడు. ఒక ప్రశ్న అడిగి, దానికి జవాబు వచ్చేలోపే ఇంకోటి అడిగేస్తానట. "ఒసేయ్ తొందరా, అడిగినదానికి జవాబు విని ఆ తర్వాత రెండోది అడగవే" అని ఏడిపించేవాడు. నా అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయేలా ఆ పేరే ఖాయం చేసి, తను మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు.

బావ ఒక కోల్డ్ స్టోరేజిలో మెకానిక్. యాపిల్ పళ్ళు నెలల తరబడి తాజాగా ఉండాలంటే చలి ఒక్కటే చాలదు. పళ్ళు కూడా ఊపిరి పీలుస్తాయి. అందుకని గదినిండా పెట్టెలు సర్ది, తలుపు బిగించి, లోపలి మామూలు గాలిని బయటికి నెట్టేసి నైట్రోజన్ నింపుతారు. పళ్ళు నిద్రపోతాయి. లోపల మనిషి ఉంటే వాడూ నిద్రపోతాడు, కాకపోతే మళ్ళీ లేవడు. ఆ గ్యాస్‌కి వాసన లేదు, దగ్గు రాదు, ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టు కూడా ఉండదు. ఫ్యాను బాగుచేద్దామని నాలుగో గదిలోకి వెళ్ళిన బావ ఇంకా లోపలే ఉన్నాడని తలుపు వేసినవాడికి తెలియదు.

మూడో గదికీ నాలుగో గదికీ మధ్య గోడలో పళ్ళెమంత గుండ్రటి అద్దం ఉంది. తలుపు తీయకుండా పళ్ళ రంగు చూడటానికి పెట్టిందది. బావ ఆ అద్దం దగ్గరే దొరికాడు. మూడో గదిలో దీపం వెలుగుతుంటే అవతల ఎవరో ఉన్నారనుకుని అక్కడికి వెళ్ళి ఉంటాడని అందరూ అన్నారు.

ఆ తర్వాత ఓనరుకి భయం పట్టుకుంది. ఆరు గదుల తలుపులకూ రెండేసి కాంతిరేఖలు పెట్టించాడు. మనిషి లోపలికి వెళ్తే ఒకటి కలుస్తుంది, బయటికి వస్తే ఒకటి తగ్గుతుంది. ఆ లెక్కంతా కారిడార్‌లో గోడకి బిగించిన ఇనుప పెట్టెలో ఒక బోర్డు చూసుకుంటుంది. కంప్యూటర్ "ఫలానా గదిలో ఎంతమంది?" అని అడగాలి, బోర్డు చెప్పాలి. ఆరింటికీ సున్నా వస్తేనే తలుపులు బిగించి గ్యాస్ వదలాలి.

ఈ ఏర్పాటు జరిగిన నెలకే మా అక్క వెళ్ళి అక్కడ ఉద్యోగంలో చేరింది. పగలు గాలి ఆడించి పెట్టెల కోసం తెరిచిన గదుల్ని సాయంత్రం మూయించే పని. చుట్టాలందరూ తిట్టారు, నేను అందరికంటే ఎక్కువ తిట్టాను. మొగుణ్ణి మింగిన చోట ఉద్యోగమేమిటి, మతి పోయిందా అన్నాను. "తలుపులు నేను వేస్తే ఇంకెవరికీ అలా జరగదు కదే" అంది అక్క. దానికి నా దగ్గర జవాబు లేదు గాని, అది ఒప్పుకునే అలవాటు కూడా నాకు లేదు కాబట్టి ఇంకో నాలుగు తిట్టి ఊరుకున్నాను.

ఈమధ్య అక్కడి పాత కంప్యూటర్ ఒకరోజు పొద్దున్న నల్లటి తెర వేసుకుని కూర్చుంది. ఎంత బతిమాలినా లేవలేదు. అక్క నాకు ఫోన్ చేసింది. పాత యంత్రాలకూ కొత్త కంప్యూటర్లకూ మాట కలపడమే నా పని. పెళ్ళిళ్ళ పేరమ్మ ఉద్యోగం లాంటిదే, కాకపోతే ఇక్కడ రెండు వైపులవాళ్ళూ మూగవాళ్ళు.

బోర్డు చూసి నవ్వొచ్చింది. అది ఓనరు ఎక్కడో పాత సామాన్ల దుకాణంలో కొన్న సరుకు. వయసులో నాకంటే పెద్దదే అయి ఉంటుంది. అయినా లెక్క మాత్రం తప్పకుండా చేస్తోంది. దాన్ని మార్చాలంటే ఆరు తలుపుల తీగలూ పీకాలి, సీజన్ మధ్యలో అది కుదరదన్నాడు ఓనరు. సరే, బోర్డుని అలాగే ఉంచి, పాత ప్రోగ్రాంని కొత్త కంప్యూటర్లోకి దించాను.

ఆ పాత ప్రోగ్రాంలో ఒక వింత వాక్యం ఉంది. బోర్డుని అడిగాక, జవాబు చదివే ముందు, ఒకటి నుంచి ఒక పెద్ద అంకె దాకా ఊరికే లెక్కపెట్టమని రాశారు. ఎందుకో రాయలేదు. రాసినవాడెవరో ఏదో ఆలోచించే రాసి ఉంటాడని, దాన్ని కూడా అక్షరం పొల్లుపోకుండా దించేశాను. పెద్దల మాటకి విలువిచ్చానని మనసులో నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మొదటి సాయంత్రం ఓనరు అందర్నీ కంప్యూటర్ గదిలోకి పిలిచాడు. డబ్బు పోసి కొన్నది అందరూ చూడాలని ఆయన సరదా. కూలీలు అప్పటికే వెళ్ళిపోయారు. మిగిలింది ఓనరు, పెట్టెలు దించేవాళ్ళ మీద పెద్ద అయిన మేస్త్రీ, అక్క, నేను. ఆఖరికి గేటుకి తాళం వేయించి వాచ్‌మన్‌ని కూడా లాక్కొచ్చాడు. నేను కుర్చీలో ఉన్నాను, అక్క నా వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. మీట నొక్కాను.

ఒకటో గది సున్నా. రెండు సున్నా. మూడు సున్నా. నాలుగు, ఒకటి. అయిదు సున్నా. ఆరు సున్నా.

కారిడార్ అంతా వినపడేలా బీప్ మని మోగి, తలుపులు బిగించనని మొండికేసింది కంప్యూటర్. నా భుజం మీద అక్క వేళ్ళు బిగుసుకున్నాయి.

"నాలుగులో ఎవరున్నారు?" అన్నాడు ఓనరు.

అందరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. అందరం అక్కడే ఉన్నాం. తర్వాత మూకుమ్మడిగా కారిడార్‌లోకి నడిచాం. మేస్త్రీ నాలుగో గది తలుపు లాగాడు. పెట్టెలు, ఫ్యాన్ల హోరు, చలి. ఆ చివర గుండ్రటి అద్దం. అంతే. మేస్త్రీ పెట్టెల సందుల్లోకి టార్చి వేసి వెతికాడు గాని, వెతుకుతున్నంతసేపూ ఏమీ దొరకకూడదనే కోరుకుంటున్నట్టు కనిపించాడు.

"కొత్త కదా, సర్దుకుంటుంది" అన్నాను, చాలా ధైర్యంగా.

అక్క తలుపు దగ్గరే ఆగిపోయింది. "రండి, పోదాం" అంది మెల్లగా. మమ్మల్ని అనుకుని మేం కదిలాం. ఆమె మావైపు చూడటం లేదని తర్వాత గమనించాను.

రెండో రోజు కూడా నాలుగులో ఒకటే వచ్చింది. మూడో రోజు కూడా. ప్రతిసారీ బీప్ మోగడం, వెళ్ళి చూడటం, ఎవరూ లేకపోవడం, అక్క చేత్తో తలుపులు బిగించి గ్యాస్ తిప్పడం. నా తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగో తలుపు కాంతిరేఖలు తుడిచాను, మార్చాను, తీగలు వేళ్ళతో తడుముతూ గోడ పొడుగునా నడిచాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. బోర్డుని పగలు వంద రకాలుగా తిట్టాను. అది చెప్పేదే చెప్పింది.

కూలీలు నాలుగో గదిలోకి వెళ్ళేటప్పుడు మాటలు తగ్గించేశారు. పెట్టె దించి వెనక్కి తిరగకుండా, వెనక్కి వెనక్కి నడిచి వచ్చేవాళ్ళు. మేస్త్రీ ఒకరోజు నాతో గుసగుసగా, "పాపా, మీ బావ మంచోడు. ఎవర్నీ ఏమీ చెయ్యడులే. ఉండనీ" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బావ పోయింది ఊపిరాడకే గాని, తలుపు కనపడక కాదు. ఉంటే ఇన్నేళ్ళు ఆ చలిలో ఎందుకుంటాడు? ఇంటికి రాడూ?" అన్నాను.

అన్నాక గాని చూసుకోలేదు, అక్క వెనకే ఉంది. చీపురు తీసుకుని కారిడార్‌లోకి నడిచింది. కానీ నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో అక్క మొహం కళకళలాడుతోంది. నేనది చూస్తూనే ఉన్నాను. తల నున్నగా దువ్వుకుని వస్తోంది. ఎన్నేళ్ళ తర్వాతో బీరువాలోంచి నీలం స్వెట్టర్ తీసింది, బావ కొన్నది. సాయంత్రమయ్యేసరికి, "నువ్వు మీట నొక్కుతూ ఉండు, నేను కారిడార్‌లో తలుపులు చూస్తూ ఉంటాను" అని హడావుడిగా వెళ్ళిపోయేది. బీప్ మోగాక తిరిగొచ్చి, గుమ్మంలోంచే అడిగేది.

"ఎంత చూపించింది?"

"నాలుగులో ఒకటి. రోజూ ఉండే గోలే."

"ఊఁ" అనేది. ఆ ఊఁలో ఎంత సంతోషం ఉండేదంటే, నాకు ఒళ్ళు జలదరించేది. ఇంటికి ఆలస్యంగా వచ్చే మనిషి చెప్పుల చప్పుడు విని అనే ఊఁ అది.

అక్క కోసమైనా ఆ ఒకటిని పోగొట్టకూడదని ఒక క్షణం, పోగొట్టి తీరాలని మరుక్షణం అనిపించేది. నాకు భయం వేసింది, దెయ్యమంటే కాదు, అక్క గురించి. లేని మనిషితో కాపురం మొదలుపెడుతోందని భయం.

వారం తిరిగేసరికి ఓనరు సహనం అయిపోయింది. పళ్ళు కొనేవాళ్ళు కంప్యూటర్ తనంతట తాను మూసిన గదుల్లోని సరుకే తీసుకుంటారట. చేత్తో మూస్తే ఒప్పుకోరట.

"చూడమ్మా, నాలుగులో ఎవరూ లేరు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక్క ఆ పెట్టెకే తెలీదు. నాలుగులో ఒకటి వస్తే సున్నా అనుకోమని చెప్పెయ్ దానికి."

"అలా చెప్పకూడదండీ."

"మరి కారణం చెప్పు."

కారణం నాకు తెలిస్తే కదా చెప్పడానికి! నా పనితనం మీద దెబ్బ పడ్డట్టు ఉడికిపోయాను. సోమవారం లోపు కారణం పట్టుకుంటాను, అందాకా మాత్రమే, అనుకుంటూ ఆయన చెప్పిన వాక్యం రాశాను. నాలుగో గదిలో ఒకటి వస్తే సున్నాగా తీసుకో. బీప్ కొట్టకు. తలుపులు బిగించు. గ్యాస్ వదులు.

మేస్త్రీకి చెప్పాను. కారిడార్‌లో చీపురు పట్టుకుని వెళ్తున్న అక్కకీ చెప్పాను. "అక్కా, ఈరోజు నుంచి కంప్యూటరే మూసేస్తుంది, నాలుగో గదిని పట్టించుకోదు. అర్థమైందా? టీ తాగావా?" అన్నాను. ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయి. అక్క తల ఊపింది. ఆ ఊపడం ఏ ప్రశ్నకో నేను ఆగి చూడలేదు.

సాయంత్రం మీట నొక్కాను. సున్నా, సున్నా, సున్నా, ఒకటి, సున్నా, సున్నా. బీప్ మోగలేదు. తెర మీద "అన్ని గదులూ ఖాళీ" అని ఆకుపచ్చగా వచ్చింది. గోడల అవతల మోటార్లు మూలిగాయి. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి రబ్బరు అంచుల్లోకి దిగిన చప్పుడు. తర్వాత గొట్టాల్లో సన్నటి బుస.

"ఈ నిశ్శబ్దమే బాగుంది పాపా" అని మేస్త్రీ గేటు వైపు వెళ్ళాడు.

నాకు బాగాలేదు. నోరు నొక్కేసిన మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంది. ఒక్కదాన్నే కూర్చుని బోర్డుని మళ్ళీ అడగడం మొదలుపెట్టాను. ఈసారి వరసగా కాదు, నా ఇష్టం వచ్చినట్టు.

నాలుగో గది? సున్నా. ఇంకోసారి నాలుగో గది? సున్నా.

ఇందాక ఉన్న ఒకటి ఏమైంది? తలుపులు బిగించాక ఎలా వెళ్ళిపోతాడు? మూడు అడిగాను, సున్నా. నాలుగు అడిగాను. ఒకటి. మళ్ళీ వచ్చాడు.

మూడు అడిగి, నాలుగు బదులు అయిదు అడిగాను. ఒకటి. ఇప్పుడు అయిదో గదిలో ఉన్నాడు. మళ్ళీ మూడు అడిగి, ఒకటో గది అడిగాను. ఒకటి. మూడు, ఆరు. ఆరులో ఒకటి. నేను ఏ గది తలుపు తడితే ఆ గదిలోకి వచ్చి నిలబడుతున్నాడు. బిగించిన తలుపుల్లోంచి, గోడల్లోంచి నడిచి వస్తున్నాడు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక తెరకేసి అలాగే చూస్తూ ఉండిపోయాను.

అలా చూస్తూ ఉండగా, మూడు తర్వాత అడిగినప్పుడే కదా వస్తున్నాడు అనిపించింది. మూడు అడిగాను. వెంటనే మూడే మళ్ళీ అడిగాను.

ఒకటి.

అప్పుడు అర్థమైంది. బోర్డు అబద్ధం చెప్పడం లేదు, ఆలస్యంగా చెప్తోంది. అడిగిన గది తలుపు లెక్క చూసుకుని చెప్పడానికి దానికి కొంత సమయం కావాలి. పాత కంప్యూటర్ నిదానస్తురాలు, ఆ పెద్ద అంకె దాకా లెక్కపెట్టేసరికి బోర్డు జవాబు సిద్ధం చేసుకునేది. కొత్తది అంతే లెక్క రెప్ప కొట్టేలోపు ముగించి, బోర్డు దగ్గర ఏ జవాబు మిగిలి ఉంటే అది లాక్కుంటోంది. అది అంతకుముందు అడిగిన గది జవాబు. చెవుడున్న తాతని ఒకదాని మీద ఒకటి ప్రశ్నలడిగితే, రెండోది అడిగాక మొదటిదానికి జవాబు చెప్తాడే, అలాగ.

నాలుగో గది పేరు మీద వస్తున్న ఒకటి మూడో గదిది.

మూడో గదిలో మనిషి ఉన్నారు. ఇప్పుడు. నేను గ్యాస్ వదిలాను.

"అక్కా!" అని అరిచాను. కారిడార్‌లో ఉంటానన్న అక్క కారిడార్‌లో లేదు. మూడో గది తలుపు పక్కన గోడకి ఆనించి ఆమె చీపురు నిలబడి ఉంది. ప్రమాదం వస్తే ఆపడానికి తలుపు పక్కన పెట్టిన ఎర్ర మీట కిందికి లాగాను. బుస ఆగింది. మోటార్లు మూలుగుతూ తలుపు తెరవడం మొదలుపెట్టాయి. నా అరుపుకి మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు.

తలుపు సందు పట్టగానే దూరబోయాను. మేస్త్రీ నా రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఆగు! నువ్వూ పడిపోతావ్!"

"వదులు! అక్క లోపలుంది!"

"కనిపిస్తోంది. ఆగు. మాస్కు తగిలించుకోనీ. ఆగమంటున్నానా!"

ఆగాను. జన్మలో ఎప్పుడూ ఆగనంతసేపు ఆగాను. తలుపు సందులోంచి లోపలి దీపం కనిపిస్తోంది, ఆ చివర అద్దం కనిపిస్తోంది, అద్దం కింద గోడకి నుదురు ఆనించి మోకాళ్ళ మీద కూలబడ్డ నీలం స్వెట్టర్ కనిపిస్తోంది. గ్యాస్ గొట్టం నోరు సరిగ్గా ఆ అద్దం పక్కనే. నేను గుమ్మంలో నిలబడి నా పిడికిలి నేనే కొరుక్కున్నాను. మేస్త్రీ గాలి సిలిండరు మాస్కుతో లోపలికెళ్ళి, అక్కని చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చాడు.

కారిడార్ గచ్చు మీద పడుకోబెట్టాక ఆమె ఛాతీ ఒకసారి కదిలింది. ఆ తర్వాత ఇంకోసారి. నేను ఆమె మీద పడి చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆస్పత్రిలో మర్నాటికి అక్క మాట్లాడింది. గొంతు బొంగురుపోయింది. అడిగిన మొదటి మాట ఇది.

"బీప్ రాలేదేమే?"

"నువ్వు మూడో గదిలో ఏం చేస్తున్నావ్? లోపల గంట మీట ఉంది కదా, ఎందుకు నొక్కలేదు? తలుపు పడుతుంటే..." అని మొదలుపెట్టి, నోరు మూసుకున్నాను. ఈసారి ఆగాను.

అక్క చెప్పింది. "మనం తలుపు తీసి నాలుగులోకి వెళ్తే ఆయన ఉండటం లేదు కదా. సిగ్గరి మనిషి, గుంపంటే పడదు. అందుకని రెండో రోజు నుంచి మూడులోకెళ్ళి అద్దంలోంచి చూసేదాన్ని. ఆ రోజు ఎవరో ఉన్నారనే కదా ఆ అద్దం దగ్గరికొచ్చాడు. ఇటువైపు ఎవరూ లేరు. కనీసం ఇప్పుడైనా ఉందామని. అద్దంలో మసక మసగ్గా ఒక మొహం కనిపించేది. బీప్ మోగేది, ఉన్నాడనుకుని వచ్చేసేదాన్ని. నిన్న మోగలేదు. మోగేదాకా ఉందామనుకున్నా. నిద్రొచ్చింది. ధ్యాసంతా అద్దం మీదే, తలుపు చప్పుడు కూడా వినపడలేదు. బాధేం అనిపించలేదే. ఆయనకీ అంతేనేమో, కదా? బాధేం తెలిసుండదు."

నేను చెప్పకుండా ఉండాల్సింది. కానీ చెప్పకపోతే రేపు మళ్ళీ ఆ అద్దం దగ్గర నిలబడుతుంది. అందుకని ఆమె చెయ్యి పట్టుకుని అంతా చెప్పాను. జవాబులు ఒక గది పక్కకి జరిగిపోవడం, మూడు మాట నాలుగు పేరు మీద రావడం.

"అంటే నాలుగులో ఒకటి..."

"అది నువ్వే అక్కా."

అక్క నవ్వింది. "అద్దంలో మొహం కూడా నాదేనేమోనే" అంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆమెను ముండమోపిని చేసింది ఆ రోజు కాదు, ఈ రోజు నేను చేశాననిపించింది. అంత దుఃఖం నాకు బావ పోయినప్పుడు కూడా రాలేదు.

ఓనరు రాయించిన వాక్యం తీసి పారేశాను. లెక్కపెట్టమనే వాక్యం కూడా తీసేసి, గడియారం చూసి ఆగమని రాశాను. కంప్యూటర్ ఎంత చురుకైనదైనా సరే, బోర్డుకి కావలసినంత సమయం ఇచ్చాకే జవాబు చదవాలి. ఇప్పుడు ఒక్కో గదికీ, అడిగాక, తెర ఖాళీగా కాసేపు ఉంటుంది.

కోలుకున్నాక అక్క మళ్ళీ పనికి వచ్చింది. మానెయ్యమని నేను అనలేదు, అనడానికి నోరు రాలేదు. అన్ని గదులూ తనే తిరిగి చూసి, కూలీల్ని పంపేసి, మేస్త్రీని, ఓనరుని, వాచ్‌మన్‌ని కంప్యూటర్ గదిలోకి పిలిచి, గేటుకి తాళం వేయించింది. తర్వాత నా వెనక వచ్చి నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది.

"నొక్కనా?" అన్నాను.

"ఒక్కమాట" అంది అక్క నా చెవి దగ్గర, మిగతావాళ్ళకి వినపడకుండా. "రెండో రోజు నుంచి నేనే, సరే. మొదటి రోజు నేను ఇక్కడే ఉన్నాను కదే. ఇలాగే, నీ భుజం మీద చెయ్యేసి. అందరూ ఇక్కడే ఉన్నారు. మరి ఆ రోజు మూడో గదిలో అద్దం దగ్గర ఉన్నదెవరు?"

నా దగ్గర జవాబులు లేకపోలేదు. కాంతిరేఖకి పురుగు అడ్డం వచ్చి ఉండొచ్చు. కరెంటు తగ్గి పెరిగి ఉండొచ్చు. పగటి లెక్క ఒకటి మిగిలిపోయి ఉండొచ్చు. మూడూ నాలుక చివరికి వచ్చాయి. మూడింటినీ మింగేశాను.

మీట నొక్కాను. ఒకటో గది, తెర కాసేపు ఖాళీగా ఉండి, సున్నా. రెండో గది, మళ్ళీ ఖాళీ, సున్నా. మూడో గది అని వచ్చింది. దాని పక్కన ఇంకా ఏమీ లేదు. గోడ అవతల ఇనుప పెట్టెలో ఆ ముసలి బోర్డు లెక్క చూసుకుంటోంది. నా వేలు ఇంకో మీట మీదికి పోబోయింది.

భుజం మీద అక్క చెయ్యి బిగిసింది. "జవాబు వచ్చేదాకా ఆగవే, తొందరా" అంది.

ఆగాను.